దొడ్డిగుమ్మం దాటిన తరువాత

రాజమహేంద్రవరం

చిరంజీవికి ఆశీస్సులు.

పాత టెలివిజన్ ధారావాహికల్లో ఇంటి పనివాళ్ళ పాత్రల గురించి నువ్వు రాసి పంపిన ఇరవై రెండు పేజీల వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. రెండుసార్లూ కోపం వచ్చింది, రెండుసార్లూ పంతొమ్మిదో పేజీలో ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయాను. శ్రమపడి చూశావనీ, ఎవరి రాతా ఎత్తి రాయలేదనీ తెలుస్తూనే ఉంది. ఆ మంచిమాట ముందే చెప్పేసి అసలు సంగతికి వస్తున్నాను.

కోపం ఎందుకు వచ్చిందో మొదట చెప్తాను. "నమ్మకమైన" అన్న మాట కనబడినప్పుడల్లా పెన్సిలుతో గీత గీస్తూ పోయాను. ముప్పై ఒక్క గీతలు తేలాయి. నమ్మకమైన బట్లర్, నమ్మకమైన వంటమనిషి, నమ్మకమైన ఆయా. దాని వెనకే "ఇంట్లో మనిషి లాంటిది" అన్న మాట పదకొండుసార్లు వచ్చింది. నాయనా, నమ్మకం అనేది యజమానికి కావలసిన గుణం. పనిమనిషి తనను గురించి ఆ మాట పని అడగడానికి వచ్చినప్పుడు తప్ప ఎప్పుడూ చెప్పుకోదు. ఇక ఇంట్లో మనిషిని ఇంట్లో మనిషి లాంటిది అని ఎవరూ అనరు. ఆ "లాంటిది"లోనే ఆమె జీతం, ఆమె వేరు గ్లాసు, ఆమె దొడ్డిదారి అన్నీ ఉన్నాయి. వ్యాసమంతా నువ్వు హాల్లో కుర్చీ వేసుకుని కూర్చునే చూశావు.

ఇంత కటువుగా చెప్పే హక్కు నాకు ఎలా వచ్చిందంటే, ఆ తప్పు నేను నీకంటే ఘోరంగా చేశాను. 1986 ఆగస్టులో ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర దాదాపు 35 లక్షల క్యూసెక్కుల నీరు వచ్చిన వరద గురించి మీ ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పే ఉంటారు. రాజోలు దగ్గర ఏటిగట్టుకు లోపలివైపున మా మండువా లోగిలి. గట్టు తెగుతుందని పుకారు పుట్టిన రాత్రి మా ఇంట్లో అంట్లు తోమే ఆవిడ పిలవకుండానే వచ్చి, మా పాలేరుతో పాటు ధాన్యం బస్తాలు అటక మీదికి ఎక్కించింది. ఆ సంగతి మీద నేను ఒక కథ రాశాను. నమ్మకం, విశ్వాసం, రుణం అన్న మాటలు అందులో ఎన్ని వేశానో ఇప్పుడు తలుచుకోవాలంటే కష్టంగా ఉంది. అచ్చయిన పత్రిక పట్టుకుని వెళ్ళి, ఆవిడ నూతి దగ్గర అంట్లు తోముతుండగా పక్కన పీట వేసుకుని కథంతా చదివి వినిపించాను. బూడిద అంటిన కొబ్బరిపీచు చేతిలో అలాగే పట్టుకుని చివరిదాకా వింది. "బాగుందండీ" అంది. కాసేపు ఊరుకుని, "మా పాక సంగతి రాయలేదేంటండీ?" అని అడిగింది.

ఆవిడ పాక గట్టుకు అవతల, ఏటి మధ్య లంక వైపు ఉండేది. ఆ రాత్రి మా ధాన్యం అటక ఎక్కే వేళకు ఆ పాకలోకి మొలలోతు నీళ్ళు వచ్చేశాయి. ఏడాదిపాటు రోజూ రెండుపూటలా మా ఇంటికి వచ్చిన మనిషిని నేను ఆ మాట అడగలేదు. మా ఇంట్లోంచి బయటికి వెళ్ళాక ఆవిడకు ఒక ఇల్లుంటుందన్న ఊహ నా కథకు తట్టలేదు.

అప్పటినుంచీ పనివాళ్ళు కనబడే ఏ రచనకైనా నేను పెట్టే పరీక్ష ఒక్కటే. కాఫీ కప్పు బల్ల మీద పెట్టి దొడ్డిగుమ్మం దాటిన తరువాత ఆ మనిషి ఎక్కడికి వెళ్తుందో రాసినవాడికి తెలుసా? తెరమీద చూపించకపోయినా ఫర్వాలేదు, తెలుసా అన్నదే నా ప్రశ్న. తెలియకపోతే అది పాత్ర కాదు, బల్లా కుర్చీల్లాంటి సామానే. నువ్వు చూసిన ధారావాహికలన్నిటినీ ఈ ఒక్క ప్రశ్నతో మళ్ళీ చూడమంటున్నాను.

నువ్వు ఎంతో మెచ్చుకున్న అమెరికా హాస్య ధారావాహిక 'ది బ్రేడీ బంచ్' సంగతే తీసుకో. 1969 నుంచి 1974 దాకా 117 ఎపిసోడ్లు నడిచింది. టైటిల్స్‌లో తెర తొమ్మిది గళ్ళుగా విడిపోతుంది, నడిమి గడిలో పనిమనిషి ఆలిస్ కనబడుతుంది. అందుకని ఆమె ఆ ఇంటికి గుండెకాయ అని రాశావు. తక్కిన ఎనిమిది గళ్ళలో ఉన్నవాళ్ళు భార్య, భర్త, ఆరుగురు పిల్లలు. వాళ్ళది ఒక కుటుంబం. ఆలిస్‌కు వంటింటి పక్కన ఒక గది, మాంసం కొట్టు నడిపే ఒక స్నేహితుడు. ఆమె సొంత బతుకు కింద ఆ ధారావాహిక ఇచ్చింది దాదాపు అంతే. నడిమి గడిలో కూర్చోబెట్టడం గౌరవమే కావచ్చు, కాని మధ్యలో దీపం పెట్టినా అంతే కదా.

అదే దేశంలో 1972లో మొదలైన 'మాడ్'లో ఫ్లోరిడా అనే నల్లజాతి పనిమనిషి పాత్ర ఉంది. ఆ పాత్ర ప్రేక్షకులకు నచ్చడంతో 1974లో ఆమె కుటుంబం చుట్టూ 'గుడ్ టైమ్స్' అల్లారు. మొదట అనుకున్న ప్రకారం ఆమె పిల్లలను ఒంటరిగా పెంచే తల్లి. ఆ పాత్ర వేసిన ఎస్తర్ రోల్ పట్టుబట్టి ఆ ఇంట్లో భర్తను, పిల్లలకు తండ్రిని ఉంచేలా చేసింది. ఈ సంగతి నీ వ్యాసంలో ఒక ఫుట్‌నోటులో పడి ఉంది! నా చేతిలో ఉంటే వ్యాసమంతా దానిమీదే నిలబెట్టేదాన్ని. రాసేవాళ్ళు ఇవ్వని ఇంటిని నటించే మనిషి అడిగి తెచ్చుకుంది. అంతకు ఇరవై ఏళ్ళ ముందు వచ్చిన 'బ్యూలా' చరిత్ర దీని పక్కన పెట్టి చూడు. అమెరికా టెలివిజన్‌లో నల్లజాతి నటి ప్రధానపాత్ర వేసిన తొలి హాస్య ధారావాహిక అది. అంతకుముందు రేడియోలో ఆ పనిమనిషి గొంతు మొదట పలికినవాడు ఒక తెల్లజాతి మగవాడు. ఇల్లు సంగతి దేవుడెరుగు, గొంతు కూడా ఆమెది కాదు.

'అప్‌స్టెయిర్స్, డౌన్‌స్టెయిర్స్' మీద నువ్వు రాసిన అయిదు పేజీల్లో రెండున్నర పేజీలు బట్లర్ హడ్సన్ హుందాతనానికే సరిపోయాయి. 1971 నుంచి 1975 దాకా 68 ఎపిసోడ్లు వచ్చిన ఆ బ్రిటిష్ ధారావాహికకు మొదటి ఊహ జీన్ మార్ష్, ఐలీన్ అట్కిన్స్ అనే ఇద్దరు నటీమణులది. వాళ్ళ ఊహ మొదలైంది ఇద్దరు పనిమనుషులతో. మేడమీద కుటుంబం తరువాత వచ్చి చేరింది. కథ నేలమాళిగలో పుట్టడం వల్లనే దానికి ఆ బలం. మొదటి ఎపిసోడ్‌లో కొత్తగా పనికి వచ్చిన పిల్ల తన పేరు క్లెమెన్స్ అంటుంది. అది పనిమనిషికి తగిన పేరు కాదని ఆ ఇంటి ఇల్లాలు అక్కడికక్కడే సారా అని మార్చేస్తుంది. ఆ ఘట్టం గురించి నీ వ్యాసంలో ఒక్క మాట లేదు. మన లోగిళ్ళలో కొత్త కోడలి పేరూ పనిపిల్ల పేరూ ఒకటే అయితే ఎవరి పేరు మారేదో నీకు తెలియదా? చివరి ఎపిసోడ్‌లో ఖాళీ అయిపోయిన ఆ ఇంట్లో గది గదికీ తిరిగి వెళ్ళిపోయేది కూడా పనిమనిషి రోజే.

జపాన్ వాళ్ళ 'ఓషిన్'ను నువ్వు ఏడుపు కథ అని తోసేశావు. 1983లో మొదలై 297 ఎపిసోడ్లు నడిచిన ఆ ధారావాహికలో ఏడేళ్ళ పిల్లను ఒక బస్తా బియ్యానికి పనికి పంపుతారు. కాని అంతకుముందే ఆ ఇంట్లో వండుకునేది బియ్యం కంటే ముల్లంగి ఎక్కువగా ఉన్న అన్నమని మనకు చూపిస్తారు. పిల్ల వదిలి వెళ్ళిన ఇల్లు మన కళ్ళలో ఉంటుంది కనుకనే, ఆమె పరాయి ఇంట్లో అన్నం ముందు కూర్చున్నప్పుడు మనకు గొంతు పట్టేస్తుంది. దాన్ని ఏడుపు అనడం తొందరపాటు.

ఇక 'రామాయణ్'. 1987లో ఆదివారం పొద్దున్న మా హాల్లో వీధి వీధంతా చాపల మీద కూర్చునేది. పాక సంగతి అడిగిన ఆవిడే పని ముగించుకుని గడప అవతల నిలబడి, గాజులు చప్పుడు కాకుండా చేతులు కొంగుతో తుడుచుకుంటూ చూసేది. లలితా పవార్ మంథరగా వచ్చిన వారం జనమంతా తెరను తిట్టారు, మా అత్తగారు మెటికలు విరిచారు. ఆవిడ మాత్రం అంతా అయ్యాక నన్ను అడిగింది: "ఆ ముసలావిడ పుట్టిల్లు ఎక్కడండీ?" కేకయ దేశం అన్నాను. "అది కైకమ్మగారిది కదండీ. ఆవిడదండీ?"

నాకు తెలియక ఆ మధ్యాహ్నం వాల్మీకం తీశాను. అయోధ్యాకాండ ఏడో సర్గ మొదట్లోనే "జ్ఞాతిదాసీ యతో జాతా" అని ఉంది. కైకేయి పుట్టింటి దాసి, ఎక్కడ పుట్టిందో ఏమో. రాజ్యం తలకిందులు చేసిన మనిషికి ఆదికవి ఇచ్చిన పుట్టుక "యతో జాతా" అన్న రెండు మాటలు. మేడ ఎక్కి ఊరి అలంకారం చూసి, ఇదంతా ఎందుకని ఆమె అడిగింది కూడా పక్కనున్న ఒక దాదినే. వాల్మీకికి తెలిసి వదిలేశాడో తెలియక వదిలేశాడో నేను చెప్పను. కాని వేల ఏళ్ళుగా మనం అడగని ప్రశ్న అంట్లు తోమే ఆవిడ అరనిమిషంలో అడిగింది.

'మహాభారత్'లో సైరంధ్రిని చూసి నీకు కన్నీళ్ళు వచ్చాయని రాశావు. ఎవరికి రావు? ఎంగిలి తినను, కాళ్ళు కడగను అని షరతు పెట్టి సుదేష్ణ దగ్గర కొలువులో చేరిన ఆమె ద్రౌపది అని మనకు తెలుసు. ఆమె ఇల్లు తెలుసు, అయిదుగురు భర్తలు తెలుసు, కీచకుడి ఇంటికి మద్యం తెమ్మని పంపినప్పుడు ఆమె ఎంత పెద్ద ఇంటి మనిషో తెలుసు కనుక మన గుండె మండుతుంది. అదే అంతఃపురంలో ఆమె పక్కన నిలబడిన అసలు దాసీలకు షరతులు పెట్టే వీలు లేదు, రక్షించడానికి వంటవాడి వేషంలో వలలుడూ లేడు. వాళ్ళను అదే ఇంటికి పంపితే ఏమయ్యేదో మనం ఎప్పుడైనా అనుకున్నామా?

పాక సంగతి చేర్చి నా వరద కథను తిరగరాసి ఒక వారపత్రికకు పంపాను. ఆ సంపాదకుడు కథ దారి తప్పిందనీ, పాఠకుడికి కావలసింది పెద్దింటి ధాన్యం దక్కిందా లేదా అన్నదేననీ రాసి తిప్పి పంపాడు. ఆ కార్డు ఇప్పటికీ నా దగ్గర ఉంది. చాలా ఏళ్ళకు ఒక ఛానెల్ డైలీ సీరియల్‌కు మాటలు రాసే పని వచ్చింది. పనిమనిషికి నేను రాసిన మాటలన్నీ షూటింగుకు ముందే కొట్టేసేవారు. ట్రే పట్టుకొచ్చే అమ్మాయి నోరు విప్పితే ఆమెకు ఇచ్చే డబ్బు మారుతుందట, ఇంకో షాటు తీయాలట, డబ్బింగు చెప్పించాలట. ఆమె ఎప్పుడైనా మాట్లాడిందంటే నవ్వించడానికే. యజమానులందరికీ పుస్తకంలో భాష, పనిమనిషికి మాత్రం యాస. మన "ఆయ్"ను వాళ్ళు ఎలా వాడారో నీకు చెప్పనక్కరలేదు. కోనసీమలో కామందూ కూలీ ఇద్దరూ మర్యాదగా పలికే మాటను తీసుకెళ్ళి అమాయకపు పనివాడి నోట్లో మాత్రమే పెట్టారు. యాసలో రాయవచ్చా అని అడిగావు కనుక చెప్తున్నాను. ఇంట్లో అందరికీ యాస పెట్టు, లేదా ఎవరికీ పెట్టకు.

ఇక పంతొమ్మిదో పేజీ. "మా అమ్మ కూడా కువైట్‌లో తొమ్మిదేళ్ళు ఒక ఇంట్లో పని చేసింది కనుక నాకు ఈ అంశం మీద ఆసక్తి కలిగింది" అని రాసి, చుక్క పెట్టి, తరువాతి వాక్యంలో 'డౌన్‌టన్ ఆబీ' భోజనాల బల్ల దగ్గరికి వెళ్ళిపోయావు. ఆ చుక్క దగ్గరే నేను ఆగిపోయాను. కువైట్‌లో ఇంటి పనివాళ్ళకు ఇచ్చే 20వ నంబరు వీసా అంటే ఏమిటో, ఆ వీసా మీద వెళ్ళిన మనిషికి కఫీల్, అంటే వీసాకు పూచీ ఉన్న యజమాని, మాట దాటి గడప దాటడం ఎంత కష్టమో మన రాజోలు, అమలాపురం, నరసాపురం పల్లెల్లో ఇంటికొకరికి తెలుసు. దొడ్డిగుమ్మం దాటాక ఆ మనిషి ఇల్లు ఎక్కడుందన్న నా ప్రశ్నకు నీ దగ్గర జవాబు ఉంది. ఆ ఇల్లు ఇక్కడే ఉంది, ఆ ఇంట్లో తొమ్మిదేళ్ళు తల్లి లేకుండా పెరిగింది నువ్వే.

అమ్మ మీద వ్యాసం రాయమని నేను అనడం లేదు. అలాంటివి ఈమధ్య లెక్కలేనన్ని వస్తున్నాయి, సంపాదకులు అడిగి మరీ రాయించుకుంటున్నారు. నేను చెప్పేది వేరు. ఆ ధారావాహికల మొదటి ఎపిసోడ్లు ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని మళ్ళీ చూడు. ఇంగ్లీషు రాదని సందేహించకు. భాష తెలియని ఇంట్లో ముఖాలు చూసి, చేతులు చూసి పని నేర్చుకున్న మనిషి ఆమె. తెరమీద ఎవరు ఎక్కడ నిలబడ్డారో, గంట మోగితే ఎవరి చెయ్యి ముందు ఆగిందో నీకంటే ముందు ఆమె పట్టుకుంటుంది. నువ్వు ఏమీ వివరించకు. ఆమె ఎక్కడ నవ్విందో, ఎక్కడ "అబద్ధం" అందో, ఎక్కడ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయిందో కాగితం మీద రాసుకో.

క్లెమెన్స్ పేరు సారాగా మారిన చోట మాత్రం ఆపి, కువైట్‌లో ఆ ఇంటివాళ్ళు ఆమెను ఏ పేరుతో పిలిచేవారో అడుగు. ఆమె చెప్పనంటే బలవంతపెట్టకు.

పెన్సిలు గీతలతో సహా నీ వ్యాసం స్పీడ్ పోస్టులో తిప్పి పంపుతున్నాను.

ఆశీస్సులతో.