చీటీ పాడి టెలిస్కోపు కొనొచ్చా?

ప్రశ్న: మాది విజయనగరం జిల్లా బొబ్బిలి. నేను, మావారు కలిసి నెలకు 46 వేలు సంపాదిస్తాం. ఇంటి ఖర్చులు, చీటీ పోను 4 వేలు మిగులుతాయి. బ్యాంకులో 60 వేలున్నాయి. తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయికి నక్షత్రాలంటే ప్రాణం. టెలిస్కోపు కొనమని ఏడాదిగా అడుగుతోంది. ‘525 రెట్లు పెద్దగా చూపిస్తుంది’ అన్న 76 మిల్లీమీటర్లది 14 వేలకి, 6 అంగుళాల డాబ్సోనియన్ 42 వేలకి చూశాం. తన ఇంటర్ ఫీజుకని వేసిన 50 వేల చీటీ ఉంది. 25 నెలల్లో 7 నెలలు కట్టాం. ఇప్పుడు పాడితే 12 వేలు పోయి 38 వేలు చేతికొస్తాయి. పాడమంటారా, షాపువాళ్లు చెప్పే వడ్డీ లేని ఈఎంఐలో తీసుకోమంటారా? ఆకాశం చూడ్డానికి ఇంత ఖర్చెందుకని మావారంటున్నారు.

జవాబు: అమ్మా, చీటీ మాత్రం పాడకండి. పోయే 12 వేలలో మీ వంతుగా ఓ 480 వెనక్కి వస్తుందేమో. మిగతాదంతా టెలిస్కోపు ధరకి కలిసేదే. అంటే 42 వేల వస్తువు మీకు 53 వేల పైచిలుకు పడుతుంది. పైగా చేతికొచ్చే 38 వేలు దానికి చాలవు కూడా. ఇంకో 18 నెలలు ఓపిక పడితే అమ్మాయి పదో తరగతి పరీక్షల వేళకి ఆ డబ్బు అందుతుంది. ఫీజు కోసం దాచినది ఫీజుకే ఉండనివ్వండి.

బ్యాంకులోని 60 వేలు మీ ఇంటికి నెలన్నర ఖర్చు. కనీసం మూడు నెలలది ఉండాలి కాబట్టి దాన్నీ కదపొద్దు. వడ్డీ లేని ఈఎంఐ అన్న మాట పూర్తిగా నిజం కాదు. వడ్డీ మేరకు ధర తగ్గించి చూపిస్తారు, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు మీ నెత్తినే పడతాయి.

అలాగని ఇది దండగ ఖర్చు అని నేననను. మీవారికి ఒక మాట చెప్పండి. మీకు దగ్గర్లోని విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు 1840 ప్రాంతంలోనే సొంతంగా వేధశాల కట్టించారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు 1874లో సూర్యబింబం మీదుగా శుక్రుడు సాగిపోవడాన్ని పరిశీలించారు. ఆకాశం చూసే అలవాటు మన ఉత్తరాంధ్రకి కొత్తది కాదు.

ఇక వస్తువు సంగతి. ఆ 525 అంకెని చూసి 14 వేలు పెట్టకండి. టెలిస్కోపు ఎంత పెద్దగా, స్పష్టంగా చూపగలదన్నది దాని ప్రధాన అద్దం వెడల్పు మీద ఆధారపడుతుంది. మిల్లీమీటరుకి రెండు రెట్లు లెక్క వేసుకుంటే 76 మిల్లీమీటర్లకి సుమారు 150 రెట్లు దాటదు. ఆపైన బొమ్మ పెద్దదవుతుంది కానీ మసకబారుతుంది. నేనూ ఒకప్పుడు పెట్టె మీద అంకె చూసే కొన్నాను. స్టాండు ఎంత బలహీనమంటే, ముట్టుకుంటే చాలు చంద్రుడు ఊగిపోయేవాడు. మా అబ్బాయి రెండు రాత్రులు చూసి వదిలేశాడు. డబ్బు పోయినదానికంటే వాడి ఉత్సాహం పోయినందుకు ఇప్పటికీ బాధపడతాను. మీ ఊరి గొల్లపల్లిలో వీణలు చేసేవాళ్లు ముందు పనస దుంగ చూసుకుంటారు, నగిషీ తర్వాత. ఇక్కడా అంతే. ముందు అద్దం, స్టాండు చూడాలి.

డాబ్సోనియన్ మంచిదే. దాని స్టాండు తక్కువ ఎత్తులో, స్థిరంగా, అటూ ఇటూ తిప్పుకునేలా ఉంటుంది. అదే రకంలో బల్ల మీద పెట్టుకునే 130 మిల్లీమీటర్లది మీ అమ్మాయికి సరిపోతుంది. 76 దానికంటే దాదాపు మూడింతల వెలుగు పోగుచేస్తుంది. శని వలయాలు, గురుడి మీద చారలు, చంద్రుడి గుంటల అంచులు చక్కగా చూపిస్తుంది. 30 వేలలోపే దొరుకుతుంది.

మిగులుతున్న 4 వేలలో 1,500 ఆ 60 వేలకి కలపండి. మిగతా 2,500 టెలిస్కోపుకి. ఎలాగూ అక్టోబరు దాకా మబ్బులే, ఆపైన తుపాన్ల భయం. ఈ రెండు నెలల 5 వేలతో 10x50 (పది రెట్లు పెద్దగా చూపే, 50 మిల్లీమీటర్ల అద్దాలున్న) బైనాక్యులర్స్ కొనండి. గురుడి నాలుగు పెద్ద చందమామలు, పిల్లలకోడి (కృత్తిక) గుంపులో కంటికి ఆనని నక్షత్రాలు, 25 లక్షల కాంతి సంవత్సరాల దూరాన ఉన్న ఆండ్రోమెడా గెలాక్సీ మసక మచ్చగా దాంట్లోనే కనిపిస్తాయి. చేతులు వణక్కుండా మోచేతులు పిట్టగోడకి ఆనించి చూడమనండి. నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా మన డాబాల మీద ఆకాశం బాగుంటుంది. ఆ చలికాలమంతా తను దాంతో గడిపితే, టెలిస్కోపు అటకెక్కుతుందన్న బెంగ మీకుండదు. పెద్దది కొన్నాక కూడా బైనాక్యులర్స్ పనికొస్తాయి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. అరసవల్లిలో కిరణాలు స్వామి పాదాలు తాకడం చూసొచ్చిన పిల్లలకి సూర్యుణ్ని దగ్గరగా చూడాలనిపిస్తుంది. టెలిస్కోపు ముందు భాగమంతా కప్పే సోలార్ ఫిల్టర్ లేకుండా, బైనాక్యులర్స్‌తోనైనా సరే, సూర్యుడి వైపు తిప్పనివ్వకండి. క్షణంలో చూపు పోతుంది. కంటి దగ్గర బిగించే చిన్న ఫిల్టర్లు వేడికి పగులుతాయి, వాటిని పారేయండి.

నవంబరు నుంచి నెలకు 2,500 చొప్పున బ్యాంకులో ఏడాది ఆర్‌డీ (రికరింగ్ డిపాజిట్) కట్టండి. వచ్చే ఏడాది చలికాలానికి 30 వేలు, కొంత వడ్డీ చేతికొస్తాయి. టెలిస్కోపు కొన్నాక మిగిలింది కన్ను ఆనించి చూసే కటకం, అంటే ఒక మంచి ఐపీస్‌కి, తేమ పట్టకుండా డబ్బాలో వేసే సిలికా జెల్‌కి సరిపోతుంది. 10 ఏళ్లు దాటిన పిల్లలు సొంతంగా ఖాతా నడుపుకునే వీలు బ్యాంకుల్లో ఉంది. ఆ ఆర్‌డీ అమ్మాయి పేరునే తెరవండి, మొదటి వాయిదా తన చేతే కట్టించండి.