లెపర్డ్ గెకో (ఇంట్లో పెంచుకునే ఒక రకం బల్లి) ట్యాంక్‌లో హీట్ మ్యాట్, లైటు రెండూ ఒకే థర్మోస్టాట్‌కి పెట్టొచ్చా?

పెట్టకండి. లైటుకి టైమర్, వేడినిచ్చే హీట్ మ్యాట్‌కి థర్మోస్టాట్, అంటే పెట్టినంత వేడి రాగానే కరెంటు ఆపి, తగ్గగానే మళ్లీ ఇచ్చేది. ఇందులో నాకు రెండో మాట లేదు. రెండూ కలిపితే ట్యాంక్ వేడెక్కినప్పుడల్లా లోపల చీకటి పడుతుంది, చల్లబడగానే మళ్లీ తెల్లారుతుంది. గెకోకి పగలేదో రాత్రేదో ఎలా తెలుస్తుంది? రోజుకి 12 గంటలు టైమర్ మీద వెలిగితే చాలు.

కానీ అసలు భయపడాల్సింది ప్రోబ్ గురించి, అంటే థర్మోస్టాట్ వైరు చివర వేడిని కొలిచే ముక్క గురించి.

మేముండేది చికాగో దగ్గర. మా అబ్బాయి తొమ్మిదో పుట్టినరోజుకి గెకో కొన్నాం. షాపువాళ్లిచ్చిన కిట్‌లో హీట్ మ్యాట్ ఉంది, గాజుకి అంటించే గుండ్రటి థర్మామీటర్ ఉంది, థర్మోస్టాట్ మాత్రం లేదు. మ్యాట్‌ని నేరుగా ప్లగ్‌లో పెడితే అది ఆగకుండా కాలుతూనే ఉంటుంది. ఆ సంగతి చెప్పకుండా అమ్మడం చాలా తప్పు. పైగా ఆ థర్మామీటర్ గాజు దగ్గర గాలిని కొలుస్తుంది, గెకో పొట్ట ఆనేదేమో నేలకి.

థర్మోస్టాట్ విడిగా కొని 90 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి, అంటే సుమారు 32 సెల్సియస్‌కి పెట్టాను. ప్రోబ్‌ని దాంతో వచ్చిన రబ్బరు కప్పుతో లోపల గాజుకి అతికించాను. జనవరిలో ఒక రాత్రి ఆ కప్పు ఊడి, ప్రోబ్ నీళ్ల గిన్నెలో పడింది. పొద్దున్నే మావాడు "నాన్నా, ఇది గుహలోకి వెళ్లట్లేదు" అని లేపాడు. చల్లటి మూలలో ముందుకాళ్లు గాజుకి ఆనించి నిలబడి ఉంది. స్క్రీన్ మీద 68. చలికి ట్యాంక్ చల్లబడిందేమోనని సెట్టింగ్ పెంచబోయి, ఎందుకో మ్యాట్ పైనున్న గుహలో టైల్ మీద చెయ్యి పెట్టాను. చుర్రుమంది. టెంపరేచర్ గన్‌తో చూస్తే 117! థర్మోస్టాట్ రాత్రంతా గిన్నెలో నీళ్లని కొలుస్తూ, వేడి చాలలేదని మ్యాట్‌ని ఆపనే లేదు. గెకోని ఎత్తి చూస్తే పొట్ట మీద శనగబద్దంత ఎర్రటి మచ్చ. మన గోడ బల్లులకి రెప్పలుండవు గానీ దీనికుంటాయి. ఆ రెప్పలు మూసుకుని నా అరచేతిలో కదలకుండా ఉండిపోయింది. మావాడి ఏడుపు ఆపడం మా ఇద్దరి వల్లా కాలేదు.

అందుకే చెప్తున్నా, రబ్బరు కప్పుని నమ్మొద్దు. మ్యాట్ ట్యాంక్ కింద ఉంటే ప్రోబ్‌ని బయటే, మ్యాట్‌కీ గాజుకీ మధ్య పెట్టి టేప్ వేయండి, వైరు లాగినా కదలకుండా ఇంకోచోట కూడా బిగించండి. ట్యాంక్ లోపల మాత్రం టేప్ వాడొద్దు, గెకోకి అంటుకుంటే చర్మమే ఊడి వస్తుంది. ప్రోబ్ దగ్గరి వేడీ పైన టైల్ వేడీ ఒకటి కావు. గన్‌తో టైల్‌ని కొలుస్తూ అక్కడ 90 వచ్చేదాకా సెట్టింగ్ సరిచేసుకోండి.

డాక్టర్ ఇచ్చిన ఆయింట్‌మెంట్ మూడు వారాలు రాశాం. రెండుసార్లు పొర విడిచాక మచ్చ పోయింది. ఇప్పుడు మావాడు స్కూలుకి వెళ్లేముందు గన్‌తో టైల్‌ని కొలిచి, ఆ అంకె ఫ్రిజ్ మీద కాగితంలో రాసి వెళ్తాడు.