పక్కవారు ఒత్తిగిలితే మెలకువ వస్తోందా?

ప్రశ్న: మావారు రాత్రి షిఫ్టు ముగించుకుని ఒంటిగంటకు వస్తారు. ఆయన మంచమెక్కినా, పక్కకు ఒత్తిగిలినా నాకు మెలకువ వచ్చేస్తోంది. మాది 6 అడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల పొడవున్న బాక్సు మంచం, స్ప్రింగు పరుపు. షాపులో 8 అంగుళాల మెమరీ ఫోమ్ తీసుకోమంటున్నారు. ఆయన బరువు 90 కిలోలు, నాది 55.
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: కొనేముందు ఒక రాత్రి ఇప్పుడున్న పరుపునే నేల మీద వేసుకుని పడుకోండి. కుదుపు తగ్గితే లోపం మంచంలోనూ ఉన్నట్టే. బాక్సు మంచంలో ప్లైవుడ్ పలకకు నడుమ ఆధారం లేకపోతే ఒకరి బరువుకు పలకంతా ఊగుతుంది. దాని మీద ఎంత ఖరీదైన ఫోమ్ పరిచినా ఆ ఊపు ఆగదు. మధ్యలో నేలకు ఆనే కాలు పెట్టించండి. మూలల బోల్టులు బిగించండి.

ఇక పరుపు. మామూలు స్ప్రింగు పరుపులో స్ప్రింగులన్నీ తీగతో ముడిపడి ఉంటాయి కాబట్టి ఒకటి అణిగితే పక్కవీ కదులుతాయి. ఫోమ్ నొక్కినచోటే అణుగుతుంది. అందులోనూ మెమరీ ఫోమ్ నెమ్మదిగా పైకి లేస్తుంది కాబట్టి కుదుపును తనలోనే ఇముడ్చుకుంటుంది. అలాగని మందమంతా అదే ఉండనక్కర్లేదు. వేడికి మెత్తబడే గుణం దానిది. మన ఎండాకాలంలో ఏసీ లేని గదిలో ఒళ్లు కూరుకుపోయి, చెమట పట్టి, ఒత్తిగిలడమే కష్టమవుతుంది. పైన 2 అంగుళాలు చాలు. కింద 4 అంగుళాల 40 డెన్సిటీ (అంటే ఘనపు మీటరుకు 40 కిలోలు తూగే) ఫోమ్ ఉండాలి.

మీ ఇద్దరి బరువుల్లో ఇంత తేడా ఉంది కనుక మా సలహా ఒక్కటే: ఒక పెద్ద పరుపు వద్దు, 36 × 78 అంగుళాలవి రెండు తీసుకోండి. రెండూ ఒకే మందంలో ఉండాలి, గట్టిదనం మాత్రం ఎవరిది వారికి. డెన్సిటీ అంటే గట్టిదనం కాదు, ఫోమ్‌లో ఉన్న సరుకు. అది తక్కువైతే త్వరగా గుంట పడుతుంది. మోసం లేకుండా చూసుకోవాలంటే ఆ 4 అంగుళాల పొరను కవరు లేకుండా తూకం వేయించండి. 40 డెన్సిటీ అయితే సుమారు ఏడున్నర కిలోలు తూగుతుంది. ఆరు కిలోల దగ్గరే ఆగితే అది 32. ఏ పొర ఎన్ని అంగుళాలో బిల్లు మీద రాయించుకోండి.

వడ్రంగి చేసిన మంచాల కొలతలు ఇంటింటికీ మారతాయి. చట్రం లోపలి వెడల్పు కొలిచి, సరిగ్గా సగం చొప్పున ఆర్డరివ్వండి. వదులుగా ఉంటే పరుపులు జరిగి మధ్యలో సందు పడుతుంది. కింద జారకుండా పట్టే రబ్బరు జాలీ పరవండి. రెంటినీ కలిపి ఒకే దుప్పటి బిగించి కడితే ఆ లాగుడూ పక్కవారికి తెలుస్తుంది. పరిచే దుప్పట్లూ, కప్పుకునేవీ విడివిడిగా ఉండాలి.

ప్రశ్న: బూరుగు దూది పరుపులా ఫోమ్ పరుపును ఎండలో వేయవచ్చా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: వద్దండీ. నేరుగా ఎండ తగిలితే ఫోమ్ పసుపెక్కి పొడిపొడిగా రాలుతుంది. నీడలో, ఫ్యాను గాలికి నిలబెట్టండి. బాక్సు మంచమైతే పలకకు అక్కడక్కడా అంగుళం రంధ్రాలు వేయిస్తే కింద చెమ్మ పట్టదు.