వాడి చూపు ఎటుంటే నీ మాట అటు

చిట్టీ,

నిన్న ఫోన్లో నువ్వు చెప్పుకుంటూ పోతుంటే మధ్యలో ఆపబుద్ధి కాక ఊ కొట్టాను గానీ, పెట్టేశాక రాత్రి పడుకునేదాకా నాకు అదే ఆలోచన. అందుకే ఇది రాస్తున్నాను. నేను చెబుతుంటే మీ పెదనాన్న టైపు చేస్తున్నారు, తప్పులుంటే ఆయన ఖాతాలో వేసుకో.

నీ బాధ నాకు అర్థమైనంతలో ఇదీ. బుజ్జిగాడికి పదకొండు నెలలు నిండాయి, ఎదురు ఫ్లాటు పాప ఇదే వయసులో అత్త, తాత, బౌబౌ అనేసింది, వీడు ఇంకా బబ్బబ్బ దగ్గరే ఉన్నాడు. నువ్వు ఆన్‌లైన్లో బొమ్మల కార్డులు తెప్పించి, రోజూ సాయంత్రం అరగంట వాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని ఆపిల్, బాల్, క్యాట్ అని చూపిస్తుంటే వాడు కార్డు వంక చూడకుండా తల పైకెత్తి ఫ్యాను చూస్తాడు. గడ్డం పట్టుకుని తిప్పితే ఏడుస్తాడు. "వీడికి ధ్యాసే లేదు పెద్దమ్మా" అన్నావు చూడు, ఆ మాట దగ్గరే నాకు నీతో పేచీ. అంత కళ్ళప్పగించి ఫ్యాను చూస్తున్నవాడికి ధ్యాస లేకపోవడమేంటే! కాకపోతే వాడి ధ్యాస ఫ్యాను మీద ఉంది, నీది కార్డు మీద ఉంది, అంతే తేడా.

అలాంటప్పుడు కార్డు పక్కన పెట్టేసి నువ్వు కూడా తలెత్తు. "ఫ్యాను! ఫ్యాను తిరుగుతోంది" అను. వాడు నీ వంక చూస్తాడు, మళ్ళీ ఫ్యాను వంక చూస్తాడు, మళ్ళీ నీ వంక. ఆ చూపు అటూ ఇటూ తిరగడం ఉంది చూశావా, వాడు మాట నేర్చుకునేది అక్కడే. నేను, నువ్వు, ఆ వస్తువు, ముగ్గురం ఒకచోట ఉన్నాం అని వాడికి తెలిసిపోతుంది. మీ వదిన స్పీచ్ థెరపిస్టు కదా, తను దీన్ని జాయింట్ అటెన్షన్ అంటుంది. నేను అంగన్‌వాడీలో ఇరవై తొమ్మిదేళ్ళు చేసినా దానికో పేరుందని రిటైరయ్యాకే తెలిసింది. మన ఇళ్ళల్లో దానికి పేరు లేదు గానీ "అదుగో", "ఇదుగో" ఉన్నాయి. చంకలో పిల్లాణ్ణి వేసుకుని అదుగో కాకి, అదుగో చందమామ అంటూ అన్నం పెట్టిన వాళ్ళందరూ చేసింది ఇదే.

ఎందుకు అటే చూడాలి, నేను చూపించింది వాడు చూస్తే ఏం పోయింది అంటావేమో. ఒక్కసారి వాడి బుర్రలో కూర్చుని ఆలోచించు. కళ్ళ ముందు తిరిగే ఫ్యాను, చెవిలో "క్యాట్" అనే చప్పుడు. ఆ చప్పుడు దేనికి తగిలించుకోవాలి? నీ మొహం చూసి, నీ చూపు ఎటుందో పట్టుకుని, ఓహో అమ్మ అంటున్నది ఆ కార్డు గురించి అనుకోవడం వాడికి ఇంకా కష్టమైన పని. అది ఏడాదిన్నర పిల్లలు బాగా చేస్తారట. ఆ వయసు పిల్లలకి కొత్త మాట వినబడితే మాట్లాడినవాళ్ళు ఎటు చూస్తున్నారో తలెత్తి చూసుకుని మరీ తగిలించుకుంటారని డేర్ బాల్డ్విన్ అనే ఆవిడ 1990ల మొదట్లో తేల్చింది. వీడికి ఆ టైము ఇంకా రాలేదు. అందాకా ఆ కష్టం నువ్వు పడాలి, వాడి కళ్ళ వెంట నువ్వు వెళ్ళాలి.

ఇది ఏదో ముసలమ్మ చాదస్తం అనుకోకు. 1986లో టొమసెల్లో, ఫారర్ అని ఇద్దరు అమెరికాలో తల్లీపిల్లలు ఆడుకుంటుంటే వీడియో తీసి చూశారు. పిల్లలు అప్పటికే చూస్తున్న వస్తువు పేరు చెప్పే తల్లుల పిల్లలకి తర్వాత మాటలు ఎక్కువ వచ్చాయి, ధ్యాసని ఇంకోవైపు లాగి పేర్లు చెప్పిన చోట ఆ లాభం కనబడలేదు. వాళ్ళే కొత్త మాటలు నేర్పి కూడా చూశారు, అక్కడా పిల్లాడి చూపు వెంట వెళ్ళి చెప్పిన మాటే బాగా అంటింది. మీ వదిన ఇది చెప్పినప్పుడు నాకు నవ్వొచ్చింది, ఎందుకంటే మా సెంటర్లో చార్టు గోడకి తగిలించి బెత్తంతో చూపిస్తూ "ఇది ఏమిటి" అని అడిగే పని నేను ఏళ్ళ తరబడి చేశాను, పిల్లలేమో కిటికీలో ఉడతని చూసేవాళ్ళు, నేను గదమాయించేదాన్ని. ఆ ఉడతతో ఎన్ని మాటలు నేర్పొచ్చో ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే కోపం.

సరే, ఎలా చెయ్యాలో చెప్తాను. దీనికి వేరే అరగంట పెట్టుకోకు, నీకు ఆఫీసు పని, ఇంటి పని చాలు. స్నానం, బువ్వ, బట్టలు ఆరెయ్యడం, లిఫ్టు కోసం నిలబడటం, ఇవే చాలు.

ముందు వాడి ఎత్తుకి దిగు. నిలబడి పైనుంచి మాట్లాడితే వాడికి నీ గడ్డమే కనబడుతుంది. కింద చాప మీద ఎదురెదురుగా కూర్చో, వస్తువు ఇద్దరి మధ్యా ఉండాలి. చేతిలో పట్టుకుని చూపించు, ఎందుకంటే చంటిపిల్లలు ఆడుకునేటప్పుడు అమ్మ మొహం కంటే చేతుల్నే ఎక్కువ చూస్తారు. చెన్ యూ, లిండా స్మిత్ అనే వాళ్ళు ఏడాది పిల్లల తలకి చిన్న కెమెరా కట్టి చూస్తే ఇదే తేలింది. దూరంగా ఉన్నవి వేలు పెట్టి చూపించినా, వాడి ముందువైపు ఉన్నవే చూపించు. వీపు వెనక ఉన్నదాన్ని వేలితో చూపిస్తే తిరిగి వెతుక్కోవడం ఏడాదిన్నర దాకా సరిగా రాదు, కాబట్టి "అటు చూడరా అంటే చూడడు" అని మీ అత్తగారు అంటే ఖంగారు పడకు.

తర్వాత ఆగు. ఇది నీకు కష్టం, నాకు తెలుసు, చిన్నప్పటినుంచీ నీది వాగుడే. వాడు దేన్నో చూస్తున్నప్పుడు వెంటనే మీద పడకుండా మనసులో అయిదు లెక్కపెట్టుకో. వాడు నీ వంక తిరుగుతాడో, వేలు పెడతాడో, ఊ అంటాడో చూడు. అప్పుడు ఒక్క చిన్న మాట. "కాకి." మళ్ళీ ఆగు. "కాకి ఎగిరిపోయింది." పేర్లు మాత్రమే కాదు, పనులు కూడా చెప్పు. మీ ఏరియాలో రోజూ కరెంటు పోతుందన్నావుగా, బంగారం లాంటి అవకాశం అది. "ఫ్యాను ఆగింది." వస్తే "ఫ్యాను తిరిగింది!" అని చప్పట్లు కొట్టు. ఒకే పని, ఒకే మాట, రోజుకి నాలుగుసార్లు. ఏ కార్డూ దీనికి సాటిరాదు. "ఇదేంటి? చెప్పు, చెప్పు" అని పరీక్షలు మాత్రం పెట్టకు, మనకైనా చుట్టాలింటికి వెళ్తే అలా అడిగేవాళ్ళని చూస్తే పారిపోవాలనిపిస్తుంది.

ఇంకో నెలా రెండు నెలల్లో వాడు చూపుడువేలు బాగా వాడతాడు, ఇప్పటికే కొంచెం మొదలుపెట్టాడేమో గమనించు. అందులో రెండు రకాలు. పాలసీసా వైపు వేలు పెడితే "కావాలి" అని. గేటు దగ్గర కుక్క వైపు వేలు పెట్టి నీ మొహం చూస్తే అది కావాలని కాదు, "చూడు, నువ్వు కూడా చూడు" అని. ఈ రెండోదే నాకు ఎక్కువ ముద్దొచ్చేది. అప్పుడు "కుక్కా? కావాలా? వద్దు, కరుస్తుంది" అని తీసుకుపోతే వాడు చెప్పిన కబురు నువ్వు విన్నట్టు కాదు. నువ్వు కుక్కని చూడు, వాణ్ణి చూడు, "అవును, కుక్క పడుకుంది" అను. బొమ్మ తెచ్చి నీ ఒళ్ళో పెట్టి నీ మొహం చూసినా అంతే, తీసుకుని పక్కన పడెయ్యకు, చూసి, మెచ్చుకుని, తిరిగి ఇవ్వు. "ఇదుగో", "తా", "ఇదుగో", "తా" అని ఇచ్చిపుచ్చుకునే ఆట ఎంతసేపైనా ఆడతారు ఈ వయసువాళ్ళు, నీకు విసుగొస్తుంది, వాడికి రాదు.

మాటలొక్కటే కాదు, మనుషుల్ని చదవడం కూడా ఇక్కడే మొదలవుతుంది. గ్యాస్ బండ అబ్బాయి తలుపు కొడితే వాడు ముందు నీ మొహం చూస్తాడు చూడు, అమ్మ భయపడుతోందా, నవ్వుతోందా అని. 1985లో ఒక పరీక్ష చేశారు, గాజు పలక కింద గొయ్యి ఉన్నట్టు కనబడేలా అమర్చి ఏడాది పిల్లల్ని దాని అంచున వదిలారు. ఎదురుగా అమ్మ నవ్వుతూ ఉంటే చాలామంది దాటుకుని వచ్చేశారు. భయపడ్డ మొహం పెడితే ఒక్కరు కూడా దాటలేదు. అందుకని నువ్వు టెన్షన్‌తో కార్డులు పట్టుకుని కూర్చుంటే వాడు చదివేది కార్డుని కాదే తల్లీ, నీ మొహాన్ని.

ఫోన్ సంగతికి వస్తాను, కోపం తెచ్చుకోకు. బువ్వ పెట్టేటప్పుడు పాటల వీడియో పెడుతున్నానన్నావు, నోరు తెరుస్తాడు కాబట్టి. నిజమే, తెరుస్తాడు. కానీ ఆ కార్డుల అరగంట పక్కన పెడితే, రోజు మొత్తం మీద మీ ఇద్దరూ ఎదురెదురుగా కూర్చునే సమయం అదొక్కటే, దాన్ని ఫోన్‌కి ఇచ్చేస్తున్నావు. 2003లో పట్రీషియా కూల్ అనే ఆవిడా, వాళ్ళ వాళ్ళూ అమెరికాలో తొమ్మిది నెలల పిల్లలకి చైనా మాండరిన్ వినిపించారు, ఒక్కోసారి పాతిక నిమిషాల చొప్పున పన్నెండుసార్లు. మనిషి ఎదురుగా కూర్చుని ఆడిస్తూ మాట్లాడిన పిల్లలు ఆ భాష శబ్దాల తేడా పట్టుకున్నారు, అవే మాటలు టీవీలో చూసినవాళ్ళకి ఏమీ అంటలేదు. టీవీకి వీడు ఎటు చూస్తున్నాడో తెలియదు కదా మరి. రెండేళ్ళు వచ్చేదాకా స్క్రీన్ వద్దని మన దేశపు పిల్లల డాక్టర్ల సంఘం కూడా 2021లో చెప్పింది, అప్పుడప్పుడు చుట్టాలతో వీడియో కాల్ మాత్రం పర్వాలేదంది. వాడి ఫోనే కాదు, నీ ఫోన్ కూడా. రెండేళ్ళ పిల్లలకి తల్లి కొత్త మాట నేర్పుతుంటే మధ్యలో ఫోన్ మోగించి చూశారు 2017లో, ఆ మాట పిల్లలకి రాలేదు, మోగనప్పుడు నేర్పిన మాట వచ్చింది. రెండు మాటలూ సమానంగా అన్నేసిసార్లు చెప్పినా సరే, మధ్యలో తెగితే పోయిందన్నమాట. గిన్నె పట్టుకుని బాల్కనీలోకి పో. నాలుగు ముద్దలు తక్కువ తింటే కొంపలేం మునగవు.

మీ ఆయన ఇంగ్లిషులోనే మాట్లాడమంటున్నాడన్నావు, ప్లేస్కూల్లో పనికొస్తుందని. నీ నోటికి ఆలోచించకుండా వచ్చే భాషలో మాట్లాడు. ఫ్యాను, లిఫ్టు ఎలాగూ ఇంగ్లిషే కదా.

ఇక ఒక్క విషయం, ఇది రాయడం నాకు కష్టం. నా సెంటర్ పరిధిలో ఒక పిల్లాడు ఉండేవాడు, రెండేళ్ళొచ్చినా మాటల్లేవు. వాళ్ళమ్మ అడిగితే "మగపిల్లలకి ఆలస్యంగానే వస్తాయమ్మా, మేనమామ పోలిక" అని నేనే ధైర్యం చెప్పాను. వాడు వేలు పెట్టి చూపించేవాడు, కళ్ళలోకి చూసేవాడు, బొమ్మ తెచ్చి ఇచ్చేవాడు, అందుకే నాకు అనుమానం రాలేదు. ఇంకో ఏడాదికి సెంటర్లో వాడి వెనకాల స్టీలు పళ్ళెం కిందపడి అందరూ ఉలిక్కిపడితే వాడొక్కడు ఇసుకలో గీతలు గీస్తూ కూర్చున్నాడు. వినికిడి లేదు. ఏడాది పోయింది నా మాట వల్ల. అందుకే మాట ఆలస్యం అని ఎవరన్నా ముందు చెవుల పరీక్ష చేయించమంటాను నేను.

నీ విషయంలో ఇప్పుడు మాటలు లెక్కపెట్టుకోకు, చూపు చూడు. ఏడాది నిండేసరికి వేలు పెట్టడం, చెయ్యి ఊపడం లాంటి సైగలేవీ లేకపోయినా, పేరు పెట్టి పిలిస్తే తిరగకపోయినా, వస్తువు చూపించడానికి నీ దగ్గరికి రాకపోయినా, ఏడాదిన్నరకి నువ్వు గదిలో అవతలవైపు చూపించిందాని వంక చూడకపోయినా, వచ్చిన మాటలు పోయినా, పిల్లల డాక్టర్‌కి చెప్పు. పదహారు నుంచి ముప్పై నెలల మధ్య అడగడానికి ఎం-చాట్ అని, ఆటిజం అనుమానం ఉందేమో చూసే చిన్న ప్రశ్నల పట్టిక ఉంది, అందులో మొదటి ప్రశ్నే ఇది, మీరు వేలు పెట్టి చూపిస్తే చూస్తాడా అని. అందులో తేడా వచ్చినంత మాత్రాన ఆటిజం అని కాదు, ఇంకా చూడాలి అని. ప్రభుత్వం తరఫున జిల్లా ఆస్పత్రుల్లో డీఈఐసీ అని పిల్లల ఎదుగుదలలో తేడాల్ని తొందరగా పట్టుకుని సాయం చేసే కేంద్రాలు పెట్టారు, 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద. మీకైతే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో బుద్ధి ఎదుగుదలలో ఇబ్బంది ఉన్నవాళ్ళ కోసం జాతీయ సంస్థే ఉంది. అప్పుడు ఎవరైనా నా లాగా "చూద్దాంలే" అంటే వినకు, నేను అన్నా సరే. కానీ నువ్వు చెప్పినదాన్ని బట్టి, పిలిస్తే తిరుగుతున్నాడు, దాగుడుమూతలాడితే కేరింతలు కొడుతున్నాడు, బబ్బబ్బ అంటున్నాడు, నాకైతే ఖంగారేం కనబడలేదు.

ఆ కార్డులు పారెయ్యకు, డబ్బులు పోసి కొన్నావు. వాడి ముందు పడేసి ఏది తీసి నోట్లో పెట్టుకుంటే దాని పేరు చెప్పు.

ఆదివారం పదింటికి మేం వీడియో కాల్ చేస్తాం. ఎప్పట్లా ఫోన్ వాడి మొహం మీద పెట్టి "పెద్దమ్మమ్మకి హాయ్ చెప్పు, హాయ్ చెప్పు" అని ప్రాణం తియ్యకు. వాడు ఎటు చూస్తుంటే కెమెరా అటు తిప్పు. ఫ్యాను అయితే ఫ్యానే, మేం కూడా చూస్తాం.

పెద్దమ్మ