ఉద్యోగపర్వంలో ‘ఉద్యోగం’ అంటే ఏమిటి?

మహాభారతంలో ఐదో పర్వానికి ఆ పేరెందుకని అడిగారు. ఇక్కడ ఉద్యోగమంటే నౌకరీ కాదు, పూనిక, ప్రయత్నం. పాండవుల అజ్ఞాతవాసం ముగిశాక రెండు పక్షాలూ యుద్ధానికి సిద్ధమయ్యే భాగమిది. కౌరవుల వైపు 11, పాండవుల వైపు 7 అక్షౌహిణులు, అంటే భారీ సేనా విభాగాలు, చేరతాయి. సంధి ప్రయత్నమూ ఇందులోదే, నాకైతే అదే ఈ పర్వానికి ప్రాణం. ఐదూళ్లిచ్చినా చాలంటారు పాండవులు. సూదిమొన మోపినంత నేల కూడా ఇవ్వనంటాడు దుర్యోధనుడు, పైగా రాయబారిగా వచ్చిన కృష్ణుణ్ణే బంధించాలని చూస్తాడు. మా కర్నూలు వైపు తిరునాళ్లలో నాటకమాడితే జనం తెల్లవార్లూ కూర్చునేది ఈ రాయబారం కోసమే. కృష్ణుడి వేషధారి పద్యమెత్తుకుని రాగం తీస్తే వన్స్‌మోర్ అంటారు. ధృతరాష్ట్రుడికి నిద్రపట్టని రాత్రి విదురుడు చెప్పిన నీతి కూడా ఈ పర్వంలోనే ఉంది.