గడియారం గురించిన ఆ ఒక్క వాక్యం

తమ్ముడూ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి మూడో పేరాలోనే పక్కన పెట్టేశాను. ‘మంచి నిద్రకు చిట్కాలు’ అనే మాట మొత్తం పదకొండు సార్లు వచ్చింది, లెక్కపెట్టాను. మొదటి వాక్యంలో ఉంది, చివరి వాక్యంలో ఉంది, ప్రతి ఉపశీర్షికలోనూ ఉంది. ఎదురుగా మనిషి కూర్చుని ఉంటే ఎవరం ఒకే మాట అన్నిసార్లు అనం. గూగుల్‌లో వెతికితే ముందు కనబడాలని సైట్ వాళ్ళు అడిగారు కాబట్టి పెట్టానన్నావు.

సాయంత్రం ఎందుకో మళ్ళీ తీశాను. గది చీకటిగా ఉండాలన్న చిట్కా కింద మీ నాన్నగారి గురించి ఈ వాక్యం కనిపించింది: “నైట్ డ్యూటీ నుంచి వచ్చిన రోజు నాన్న పడుకోబోయే ముందు గడియారాన్ని గోడ వైపు తిప్పి పెట్టేవారు.” అంతే, వెంటనే మళ్ళీ చిట్కాల్లోకి వెళ్ళిపోయావు. నేను మాత్రం అక్కడే చాలాసేపు ఉండిపోయాను.

నీ మెయిల్ చివర ఇంకో మాట ఉంది. “పేరు వెయ్యరట, కానీ వారంలో డబ్బు వేస్తారు. పేరుదేముంది, ఒప్పుకుందామనుకుంటున్నాను.” దానికి నాకు కోపం వచ్చింది. నీ మీద కాదు, నీలాంటి వాళ్ళ చేత ఆ మాట అనిపిస్తున్న వాళ్ళ మీద.

పేరు లేకుండా రాయకు. నా అనుభవమంతా కూడదీసి చెప్పగలిగింది ఇదొక్కటే. కింద నీ పేరుంటుందని తెలిస్తే ఆ మాట పదకొండు సార్లు రాసేవాడివా? నాలుగోసారికే చెయ్యి ఆగిపోయేది. చదివినవాళ్ళు ఏమనుకుంటారోనన్న ఆ చిన్న టెన్షనే మనకి రాయడం నేర్పుతుంది. పేరు తీసేస్తే అది పోతుంది, దాంతోపాటే వాక్యం మీద శ్రద్ధా పోతుంది. అలాంటి వ్యాసాన్ని ఇప్పుడు యంత్రం కూడా క్షణంలో రాసిపడేస్తోంది. గడియారం సంగతి మాత్రం దానికి తెలియదు.

కొత్తలో నేను రెండేళ్ళు ఒక సైట్‌కి పేరు లేకుండానే రాశాను. పదానికి ఇంత అని లెక్క. పొద్దున్నే లాగిన్ అయితే అంశాల జాబితా ఉండేది, ముందు ఎవరు క్లిక్ చేస్తే వాళ్ళది. ఏ మాట ఎన్నిసార్లు రావాలో పక్కనే ఉండేది, కీవర్డ్ అంటారు ఆ మాటని. అమ్మ ఆస్పత్రిలో ఉన్నప్పుడు కూడా మంచం పక్కన కూర్చుని రాశాను. అప్పుడు దొరికిన అంశం, రోగి దగ్గర ఉండేవాళ్ళు తమ ఆరోగ్యం ఎలా చూసుకోవాలన్నది. అమ్మ నిద్రలోనే దుప్పటి కింద నుంచి చెయ్యి చాపి నా మణికట్టు వెతికి పట్టుకునేది. విడిపించుకోబుద్ధి కాక ఆ వ్యాసం సగం ఒంటిచేత్తో టైప్ చేశాను. ఆ సంగతి కూడా నాలుగు వాక్యాల్లో రాశాను. ఎడిటర్ తిప్పి పంపాడు: సొంత అనుభవాలు అక్కర్లేదు, కీవర్డ్ రెండుసార్లు తక్కువైంది అని. కీవర్డ్ పెంచి, ఆ నాలుగు వాక్యాలు ఉంచమని బతిమాలుకున్నాను. ఉంచారు.

కొన్నేళ్ళ తర్వాత అదే వ్యాసం వేరే సైట్‌లో ఒక డాక్టర్ ఫోటో కింద, ఆయన పేరుతో కనిపించింది. అమ్మ చెయ్యి, దుప్పటి, మణికట్టు, ఏదీ పోలేదు. ఆవిడ ఇప్పుడు ఆయన తల్లి. అడిగితే నా ఒప్పందంలోని ఒక లైను కాపీ చేసి పంపారు. సర్వహక్కులూ, శాశ్వతంగా, ఏ పేరుతోనైనా ప్రచురించుకునే వీలుతో సహా ఇచ్చేశాను. సంతకం నాదే. ఆ రోజు రేటు చూసి పెట్టాను, ఆ లైను చూడలేదు. ఈ జవాబు వచ్చేసరికి అమ్మ లేదు.

అందుకే నువ్వు పంపిన ఒప్పందంలో నేను రేటు దగ్గర ఆగలేదు. ఏడో నిబంధన చూడు. మొదటిసారి ప్రచురించుకునే హక్కు ఒక్కటే అడిగితే ఇవ్వచ్చు. కొన్ని నెలలు ఇంకెక్కడా వెయ్యకూడదన్నా ఫరవాలేదు. నీ కాగితంలో ఉన్నది మాత్రం నేను సంతకం పెట్టిన రకమే. రచయితల హక్కుల మీద దేశాలు చేసుకున్న 1886 నాటి బెర్న్ ఒప్పందానికి 1928లో రోమ్‌లో ఒక మంచి మాట చేర్చారు: ఆర్థిక హక్కులు అమ్ముకున్నా, ఈ రచన నాది అని చెప్పుకునే హక్కు రచయితకి ఉంటుందని. కానీ కొన్ని దేశాల చట్టాలు దాన్ని కూడా రాసిచ్చి వదులుకోనిస్తాయి. వాళ్ళు నీ చేత రాయించుకుంటున్నది అదే.

నిబంధనలు చదివి ఏం లాభం, వాళ్ళు మార్చరు కదా అంటావేమో. అమెరికాలో కొందరు ఫ్రీలాన్స్ రచయితలు పత్రికలకి ఇచ్చిన వ్యాసాలని ఆ పత్రికలు అడగకుండా ఎలక్ట్రానిక్ డేటాబేస్‌లకి ఎక్కించాయి. 2001లో అక్కడి సుప్రీంకోర్టు 7–2తో రచయితల పక్షాన తీర్పు చెప్పింది. ఎలక్ట్రానిక్ హక్కులు ఇస్తున్నామని వాళ్ళు ఎక్కడా రాసివ్వకపోవడమే వాళ్ళని కాపాడింది. ఒప్పందాల్లో ‘అన్ని మాధ్యమాల్లో, అన్ని హక్కులూ’ అన్న మాట ఇంతగా కనిపించడం వెనక ఇలాంటి తగాదాలున్నాయి. అది మామూలు ఫార్మాలిటీ అని ఎవరైనా అంటే నమ్మకు.

పేరు పేరు అంటున్నానని ఊరికే రాయమనడం లేదు. “డబ్బివ్వలేం, మీకు గుర్తింపు వస్తుంది” అనే ఎడిటర్లని చాలామందిని చూశాను. ఆ గుర్తింపుతో వాళ్ళ జీతాలు మాత్రం తీసుకోరు. హఫింగ్టన్ పోస్ట్ అనే అమెరికా వార్తల సైట్‌ని 2011లో ఏఓఎల్ అనే ఇంటర్నెట్ కంపెనీ 31.5 కోట్ల డాలర్లకి కొన్నది. ఉచితంగా రాసిన బ్లాగర్లు మాకూ వాటా ఇవ్వాలని దావా వేస్తే, డబ్బు రాదని తెలిసే రాశారు కదా అని 2012లో కోర్టు కొట్టేసింది. పేరూ, డబ్బూ రెండూ అడుగు. డబ్బు ఆర్టికల్ ఓకే అయ్యాక ఇస్తారా, పబ్లిష్ అయ్యాక ఇస్తారా అన్నది కూడా రాతలో అడుగు. ఓకే చేసి నెలల తరబడి పక్కన పడేసేవాళ్ళున్నారు.

ఏ సైట్ నమ్మకమైనదని అడిగావు. నేను ఏ పేరు చెప్పినా రేపటికి అది అలాగే ఉంటుందన్న భరోసా లేదు. 2011 ఫిబ్రవరిలో గూగుల్ తన వెతుకుడు పద్ధతి మార్చింది, పాండా అంటారు దాన్ని. నువ్వు చేసినట్టు ఒకే మాట తిప్పి తిప్పి రాయించుకున్న సైట్లు చాలా కుప్పకూలాయి, చూసినవాళ్ళ లెక్కన డబ్బు తీసుకునే రచయితల రాబడీ వాటితోనే పోయింది. ఎవరైనా రాయగలిగే సైట్లలో యాహూ వాయిసెస్ 2014లో మూతపడింది. స్క్విడూ అదే ఏడాది హబ్‌పేజెస్‌లో కలిసిపోయింది. అలాంటిదే మీడియం అనే సైట్ మొదట్లో పాఠకులు నొక్కే ‘చప్పట్ల’ని బట్టి డబ్బిచ్చేది, 2019లో చదివిన సమయాన్ని బట్టి ఇవ్వడం మొదలుపెట్టింది. కాబట్టి రాసిన ప్రతి ముక్కకీ నీ దగ్గర ఒక కాపీ ఉంచుకో. నేను రాసిన సైట్ మూతపడ్డప్పుడు ఆ రెండేళ్ళ రాతలో నా దగ్గర పదో వంతు కూడా లేదు.

మిగతా ప్రశ్నల సంగతి ఇంకోసారి చూద్దాం.

ఈ నెల డబ్బు చాలా అవసరమన్నావు. అలాగైతే ఈ ఒక్కసారికి నిద్ర వ్యాసం వాళ్ళకే ఇచ్చెయ్యి, నేను తప్పు పట్టను. కానీ మీ నాన్నగారి వాక్యం తీసేసి ఇవ్వు. దాన్ని వేరే కాగితం మీద పెట్టుకుని అక్కడి నుంచి మొదలుపెట్టు. గడియారం గోడ వైపు తిరిగి ఉంటే, మళ్ళీ డ్యూటీ టైముకి ఆయన్ని ఎవరు లేపేవారు? ఆయన లేచాక గడియారాన్ని ఇటు తిప్పింది ఎవరు? నువ్వేనా? అది రాసి నాకు పంపు.

మీ అన్నయ్య