పొగడ్తలు కాదు, బిల్లులు అడగండి

ప్రశ్న: మాది తెనాలి. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని, మావారు గుంటూరులో ఒక ఆఫీసులో అకౌంటెంట్. ఇద్దరి జీతాలు కలిపి నెలకు 62 వేలు. అద్దె, ఫీజులు, 5 వేల చీటీ, 4 వేల మ్యూచువల్ ఫండ్ సిప్ అన్నీ పోను 13 వేలు మిగులుతోంది. బ్యాంకులో 4.3 లక్షల ఎఫ్‌డీ ఉంది. అత్తగారిని వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి గుంటూరు తీసుకెళ్లాలి. ట్రిప్పుకు 900 చొప్పున అద్దె కారుకే నెలకు 7 వేలు దాటుతోంది. అందుకే 4 లక్షల లోపు సెకండ్‌హ్యాండ్ చిన్న కారు కొందామనుకున్నాం. కార్లున్న వాళ్లందరినీ అడిగాను. మా మరిది 2014 స్విఫ్ట్ డీజిల్ తీసుకోమంటాడు, లీటరుకు 22 ఇస్తుందట. మా పిన్ని కొడుకు తన 2016 ఫిగో 2.4 లక్షలకు ఇస్తానంటున్నాడు. స్కూల్లో ఒకరు టియాగో, ఇంకొకరు వ్యాగన్ఆర్. మొత్తం డబ్బు ఎఫ్‌డీలోంచి తియ్యాలా, అప్పు చెయ్యాలా? ఎవరి మాట వినాలి?

జవాబు: అమ్మా, కాకి పిల్ల కాకికి ముద్దు. సొంత బండి గురించి అడిగితే ఎవరూ నిజం చెప్పరు. అబద్ధం చెప్పాలని కాదు, నాలుగు లక్షలు పోసి కొన్నదాన్ని తప్పు అనుకోవడానికి ఎవరికీ మనసొప్పదు. మీ మరిది చెప్పిన 22 మైలేజీ అబద్ధం కాకపోవచ్చు. ఆయన హైవే మీద ఏసీ ఆపి ఒక్కరే వెళ్లిన రోజు వచ్చి ఉంటుంది. మీరు నలుగురు, ఏసీతో, తెనాలి బజారు దాటి వెళ్లే బండికి అది రాదు.

అందుకే "బండి ఎలా ఉంది?" అని అడగడం మానేయండి. "పోయినసారి సర్వీసుకి ఎంతైంది? బిల్లు ఉందా? ఇప్పటిదాకా ఏ పార్టు మార్చారు? ఆ పార్టు ఎన్ని రోజులకు దొరికింది?" అని అడగండి. పొగిడే నోరు ఈ ప్రశ్నలకు కాస్త తగ్గుతుంది. ఒక వాట్సాప్ ఫొటోలో బిల్లు పంపగలిగిన వాడి అభిప్రాయానికి, పంపలేని పదిమంది అభిప్రాయాలకంటే నేను ఎక్కువ మార్కులు వేస్తాను.

మీ మరిది బండితో మొదలుపెడదాం. గుంటూరు రానూపోనూ 50 కిలోమీటర్లు, నెలకు ఎనిమిది ట్రిప్పులు, ఊళ్లో తిరుగుడు కలిపి 450 అనుకుందాం. లెక్క కోసం పెట్రోలు 110, డీజిల్ 98 వేసుకుందాం. పెట్రోలు బండి లీటరుకు 16 ఇస్తే నెలకు 3,100 అవుతుంది. డీజిల్ బండి 19 ఇస్తే 2,320. అంటే తేడా 780 లోపే, ఏడాదికి 9 వేల చిల్లర. పదేళ్లు దాటిన డీజిల్‌కి టర్బో గానీ ఇంజెక్టర్లు గానీ ఒక్కసారి మొరాయిస్తే రెండు మూడేళ్ల మిగులు ఒక్క బిల్లులో కొట్టుకుపోతుంది. పైగా 2029లో ఆ బండికి 15 ఏళ్లు నిండుతాయి. అప్పుడు ఫిట్‌నెస్ చూపించి ఆర్‌సీ రెన్యువల్ చేయించుకోవాలి, గ్రీన్ ట్యాక్స్ కట్టాలి. స్విఫ్ట్ తయారుచేసే మారుతి సంస్థ 2020 ఏప్రిల్ నుంచి డీజిల్ కార్లు అమ్మడమే మానేసింది. నెలకు పదిహేను వందల కిలోమీటర్లు తిరిగేవాళ్లు డీజిల్ గురించి ఆలోచించాలి గానీ, మీరు కాదు.

ఫిగో మంచి బండే. నడిపేవాడికి హుషారునిస్తుంది, పిన్నిగారి అబ్బాయి ఆ మాట మనస్ఫూర్తిగానే చెప్పి ఉంటాడు. కానీ దాన్ని తయారుచేసిన ఫోర్డ్ కంపెనీ 2021 సెప్టెంబరులో ఇండియాలో కార్ల తయారీ ఆపేస్తున్నట్టు చెప్పింది. ఇంజిన్ పార్టులు ఇప్పటికీ దొరుకుతాయి, విజయవాడ ఆటోనగర్లో వెతికితే డోరు, బంపరు కూడా దొరుకుతాయి. కానీ మీకు బండి నాలుగు రోజులు షెడ్డులో ఉంటే రెండు డయాలసిస్ ట్రిప్పులు మళ్లీ అద్దె కారులోనే. చవగ్గా వచ్చే బండి ఎందుకు చవగ్గా వస్తోందో తెలిసి కొంటే తప్పు లేదు, మీ అవసరానికి మాత్రం వద్దంటాను. ఇంకో సంగతి, బంధువుల బండి కొంటే గేరు పట్టేసిన రోజు వాళ్లింటికి పెళ్లికి వెళ్లాలన్నా మొహం చెల్లదు.

ఇక మిగిలినవి టియాగో, వ్యాగన్ఆర్. ఇక్కడ ఎవరి అభిప్రాయం అడగాలో మీకు తట్టలేదు. మీ అత్తగారి అభిప్రాయం. డయాలసిస్ అయి బయటికి వచ్చిన మనిషికి కాళ్లలో సత్తువ ఉండదు. కిందికి వంగి, తల వంచి, ఒక కాలు లోపల పెట్టి కూర్చోవడమంటే చిన్న పని కాదు. వ్యాగన్ఆర్ సీటు కుర్చీలాగా ఎత్తుగా ఉంటుంది, పక్కకు తిరిగి కూర్చుని కాళ్లు లోపలికి తిప్పుకుంటే చాలు. టియాగో సీటు కిందికి ఉంటుంది. కానీ టియాగోలో బరువైన బాడీ ఉంది. కార్లను గుద్దించి భద్రత చూసే గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో 2020లో దానికి ఐదుకు 4 స్టార్లు వచ్చాయి, వ్యాగన్ఆర్‌కు 2023లో ఒక్కటే. దీన్ని దాచి సలహా చెప్పడం నాకు ఇష్టం లేదు. కాబట్టి రెండు బండ్లూ ఇంటి ముందుకు తెప్పించి, అత్తగారిని ఎక్కించి దింపండి. ఆవిడ టియాగోలోంచి ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేవగలిగితే టియాగో తీసుకోండి. లేవలేకపోతే వ్యాగన్ఆర్, వెనక సీటులో కూడా బెల్టు పెట్టించండి. సీఎన్‌జీ బండి చూపిస్తే వద్దనండి, సిలిండరు డిక్కీ అంతా తినేస్తుంది, రేపు వీల్‌చైరు పెట్టాల్సి వస్తే చోటుండదు.

ఏ బండైనా 2019 జూలై తర్వాత తయారైంది చూసుకోండి. అప్పటినుంచి డ్రైవరు వైపు ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరైంది. అంతకుముందు చాలా కార్లలో చవక వేరియంట్లు అది లేకుండానే వచ్చాయి.

ధర దగ్గర మీకో ఆయుధం ఇస్తాను. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న పెట్రోలు కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, పైన ఉన్న ఒక శాతం సెస్సు కూడా పోయింది. పన్నుతో కలిపి 129 రూపాయలయ్యే బండి 118కి వచ్చింది, అంటే ఎనిమిదిన్నర శాతం తక్కువ. కొత్తదాని ధర దిగినప్పుడు పాతదాని ధర దిగకపోతే అది పాత కార్లమ్మే కన్సల్టెన్సీ వాడి లాభమే. 3.9 లక్షలు చెప్పే 2019 వ్యాగన్ఆర్‌కు ఆ లెక్కన 33 వేలు తగ్గించి మాట మొదలుపెట్టండి. టైర్లు పాతవైతే ఇంకొంచెం. 3.5 దగ్గర బేరం కుదిరితే సంతోషం.

టైర్లంటే గుర్తొచ్చింది. టైరు పక్కన పొడవాటి గుండ్రటి గీతలో నాలుగు అంకెలుంటాయి. 3519 అని ఉంటే 2019లో 35వ వారం తయారైందని అర్థం. మీటరు 28 వేలు చూపిస్తూ టైర్లు నాలుగూ 2023వి అయితే, 28 వేలకే టైర్లు ఎందుకు మార్చాల్సి వచ్చిందో అడగండి. మంచి టైరు నలభై వేలు అయినా తిరుగుతుంది. స్టెప్నీ కూడా చూడండి, దాని తారీఖు తరచూ నిజం చెబుతుంది.

ఈ జ్ఞానం నాకు పుస్తకాల్లో రాలేదు. నా మొదటి కారు ఒక బ్రోకరు దగ్గర కొన్నాను. మీటరు 41 వేలు. తళతళా మెరిసే బండి, పైన పటారం లోన లొటారం. ఇంటికి తెచ్చాక మా మెకానిక్ బ్రేకు పెడలు రబ్బరు చూపించాడు. గీతలన్నీ అరిగి నున్నగా అయిపోయి, ఒక అంచున లోపలి ఇనుము కనబడుతోంది. "41 వేలకు ఇలా అరగదు సార్, లక్ష పైనే" అన్నాడు. ఇప్పుడు కొందరు తెలివిగా కొత్త రబ్బరు తొడిగేస్తున్నారు. పాత బండికి కొత్త రబ్బరున్నా అనుమానించండి. కంపెనీ సర్వీసు సెంటరులో బండి నెంబరు చెప్పి, ఓనరు అనుమతితో పాత సర్వీసు రికార్డు తీయించండి. ఏ తారీఖున ఎన్ని కిలోమీటర్లకు వచ్చిందో అందులో ఉంటుంది. మన వాళ్లు "షోరూమ్ ట్రాక్ ఉంది" అంటుంటారు, ఉందన్న మాట కాదు, కాగితం కావాలి.

మీరు ఎక్కువగా విజయవాడ, గుంటూరు బండ్లే చూస్తారు. 2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడలో బుడమేరు వాగు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు ఇళ్లతో పాటు కార్లూ మునిగాయి. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 ఒక్కటే కోడ్ చేయడంతో, ఆ తర్వాత వచ్చిన నెంబరు చూసి బండి ఏ జిల్లాదో పోల్చలేం. సీటుబెల్టును చివరిదాకా లాగండి, ఎప్పుడూ బయటికి రాని ఆ చివరి జానెడు మీద బురద మరక ఉందేమో చూడండి. స్టెప్నీ కింద గుంతలో తుప్పు, సీటు కింద బోల్టుల తుప్పు చూడండి. నీళ్లలో మునిగిన బండి ఇంజిను బాగుపడుతుంది, వైరింగు మాత్రం ఏళ్ల తరబడి సతాయిస్తుంది. చివరికి ఐదు వందలో వెయ్యో ఇచ్చి మీ మనిషైన మెకానిక్‌ని తీసుకెళ్లండి. అమ్మేవాడు చూపించే మెకానిక్ వద్దు.

ఇప్పుడు డబ్బు. బండి ఇంటికొచ్చాక నెలకు పెట్రోలు 3,100. ఇన్సూరెన్సు నెలకు 600 పక్కన పెట్టండి. 1000 సీసీ లోపు ఇంజినుకు థర్డ్ పార్టీ (మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి కట్టే ఇన్సూరెన్సు) ప్రీమియం 2022 జూన్‌లో నిర్ణయించిన రేటు ప్రకారం ఏడాదికి 2,094, ఆపైన 1500 సీసీ దాకా 3,416. కాబట్టి లీటరు ఇంజిను వ్యాగన్ఆర్ ఆ పక్కనా కలిసొస్తుంది. టియాగో పెట్రోలు 1.2 లీటరు, అది రెండో వరసలోకి వెళ్తుంది. సర్వీసు, టైర్లు, బ్యాటరీ కింద నెలకు 1,800. మొత్తం 5,500. బండి విలువ తగ్గడం చాలామంది లెక్కలో వేసుకోరు. 3.5కి కొన్నది నాలుగేళ్లకు 2.1 పలికితే నెలకు 2,900 కరిగినట్టు. అంటే నెలకు 8,400. మీ అద్దె కారు ఖర్చు 7,200. నిక్కచ్చిగా చూస్తే సొంత కారు మీకు ఇంకా 1,200 ఖరీదు.

కొనవద్దని కాదు. అర్ధరాత్రి అత్తగారికి ఆయాసం వచ్చినప్పుడు వాకిట్లో బండి ఉండటానికి ఆ 1,200 ఇవ్వొచ్చు. కానీ మిగులుతుందని మాత్రం కొనకండి.

అసలు అనుమానం ఇంకొకటి ఉంది. బండి ఎవరు నడుపుతారో మీరు రాయలేదు. మీవారు ఆఫీసులో, మీరు స్కూల్లో. డయాలసిస్ పని రోజుల్లో ఉంటే? రోజుకు 700 ఇచ్చి డ్రైవర్ని పెట్టుకుంటే నెలకు 5,600 అదనం, అప్పుడీ లెక్క మొత్తం తల్లకిందులవుతుంది. మీకు డ్రైవింగ్ రాకపోతే ముందు 6, 7 వేలు డ్రైవింగ్ స్కూలుకు పెట్టి, లైసెన్సు వచ్చాక బండి చూడండి. ఈలోగా రెండు మూడు నెలలు అద్దె కారే నయం.

ఎఫ్‌డీ మొత్తం ఖాళీ చెయ్యొద్దు. డయాలసిస్ ఉన్న ఇంట్లో చేతికందేలా 2 లక్షలు ఉండి తీరాలి. ఎఫ్‌డీలోంచి 2.3 తీయండి. అందులో 2 లక్షలు బండికి, 30 వేలు ట్రాన్స్‌ఫర్‌కి, ఇన్సూరెన్సుకి, మొదటి సర్వీసుకి. మిగిలిన 1.5 లక్షలు అప్పు తీసుకోండి. పాత కారు అప్పుకు వడ్డీ కొత్త కారు అప్పు కంటే ఎక్కువే ఉంటుంది. 13 శాతం అనుకుంటే మూడేళ్లకు నెలకు 5,050 చొప్పున వడ్డీ 32 వేలు అవుతుంది. ఐదేళ్లు పెట్టుకోమని ఏజెంటు చెబుతాడు, నెల కిస్తీ తక్కువని. వినకండి. మీ 13 వేలకు ఇక మిగిలే అద్దె కారు డబ్బు 7,200 కలిపితే 20,200. అందులో కిస్తీ, బండి ఖర్చు పోను తొమ్మిదిన్నర వేలు మిగులుతుంది. సిప్ ఆపాల్సిన పని లేదు. చీటీ పాడి డబ్బు వస్తే అప్పులో వేసి ముందే తీర్చేయండి, కాకపోతే ముందస్తు చెల్లింపు ఛార్జీ ఎంతో సంతకం పెట్టకముందే అడగండి.

కాగితాల దగ్గర తొందరపడొద్దు. రవాణా శాఖ వారి పరివాహన్ సైటులో పెండింగ్ చలాన్లు, ఆర్‌సీ మీద ఫైనాన్సు పేరు ఉందేమో చూసుకోండి. ఉంటే అమ్మేవాడు ఫారం 35తో తీయించాకే పూర్తి డబ్బు. బండి పేరు మార్చే 29, 30 ఫారాల మీద ఓనరు సంతకం మీ ముందే పెట్టాలి, ఖాళీ ఫారాల మీద పెట్టిన పాత సంతకాలు వద్దు. ఇన్సూరెన్సు పాలసీ 14 రోజుల్లో మీ పేరుకు మార్పించుకోండి. నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, పాత ఓనరుతోనే పోతుంది, మీకు రాదు. దాన్ని చూపించి ధర పెంచితే నమ్మకండి. 10 వేలు అడ్వాన్సు ఇచ్చినా సరే, రసీదు మీద బండి నెంబరు, ఛాసిస్ నెంబరు రాయించుకోండి.